టికెట్ లేని ప్రయాణికులు

కొత్త కోరల్ కొంటే కోరల్ ఒక్కటే రాదు. దాన్ని అతికించిన చిన్న రాయి వస్తుంది, ఆ రాయికి బెజ్జాలుంటాయి, ఆ బెజ్జాల్లో ఇంకెవరో ఉంటారు. వేలెడంత ముక్కకి డబ్బులు కట్టి తెచ్చుకుంటే, బిల్లులో లేని జీవులు కూడా దాంతోపాటు ఇంట్లో దిగుతాయి. ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టుకున్నవాళ్ళు వీటిని హిచ్‌హైకర్స్ అంటారు. దారిలో లారీ ఆపి ఎక్కేసినవాళ్ళన్నమాట. మన లెక్కలో టికెట్ లేని ప్రయాణికులు.

నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు డాలస్‌లో ఉన్నాడు. వాడి హాల్లో రీఫ్ ట్యాంక్ ఉంది. కొత్త కోరల్ తెచ్చిన ప్రతిసారీ నాకు వాట్సాప్‌లో ఒక వీడియో, దాని కింద ఒకటే ప్రశ్న: “ఇదేంది మామా? చంపాలా, వద్దా?” నేనుండేది కలకడలో, వర్క్ ఫ్రమ్ హోమ్. ఇక్కడికి సముద్రం ఎంత దూరమో మీకు తెలుసు. నా దగ్గరున్నది రెండడుగుల మంచినీళ్ళ ట్యాంకు. అందులో మొక్కలు, గప్పీలు, గోరంత రొయ్యలు. నీళ్ళు వేరైనా ఇద్దరి సమస్యా ఒకటే. వాడికి కోరల్‌తో ఎక్కి వస్తాయి, నాకు బెంగళూరు నుంచి బస్ పార్సిల్లో వచ్చే మొక్కలతో ఎక్కి వస్తాయి.

రీల్స్ చూసి “నేనూ కోరల్ పెంచుతా” అని లేచేవాళ్ళకి ముందే ఒక మాట. మన దేశంలో దిబ్బలు కట్టే రాతి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద 2001 నుంచి రక్షిత జీవులు. పులి ఉన్న షెడ్యూల్-1లోనే ఇవీ ఉన్నాయి. మన సముద్రంలోంచి వాటిని తియ్యడం, అమ్మడం నేరం. “ఎవరికీ తెలీదులే బ్రో” అని అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి. కోరల్ గురించి తెలుసుకుందాం, చేసే పని మాత్రం మన మంచినీళ్ళ ట్యాంకులో చేద్దాం.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. కొత్త జీవి కనపడగానే మన చెయ్యి ముందు మందు సీసా మీదికి పోతుంది. కానీ ముందు కనుక్కోవాల్సింది దాని పేరు.

ఊజీ నేర్పిన పాఠం

ఎక్కి వచ్చేవాళ్ళ కథ మన ప్రాంతానికి కొత్తేం కాదు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పట్టుపురుగులు పెంచే ఏ ఇంట్లోనైనా “ఊజీ” అని చూడండి, మొహాలు మారిపోతాయి. చూడ్డానికి ఈగే, మామూలు ఈగకన్నా కొంచెం పెద్దది. వచ్చి పట్టుపురుగు ఒంటిమీద తెల్లటి గుడ్డు పెట్టి పోతుంది. రెండు మూడు రోజుల్లో గుడ్డు పగిలి, పిల్లపురుగు చర్మం తొలుచుకుని లోపలికి దూరుతుంది. బయట మనకు కనపడేది ఒక నల్లమచ్చ మాత్రమే. ఆ పట్టుపురుగు గూడు కట్టకముందే చచ్చిపోవచ్చు. కట్టినా, ఊజీ పిల్ల గూటికి బెజ్జం పెట్టుకుని బయటికొస్తుంది. బెజ్జం పడిన గూటి నుంచి దారం తెగకుండా రాదు. మార్కెట్లో రేటూ రాదు.

ఈ ఈగ మన నేల మీద ఉన్నది కాదు. బెంగాల్ పట్టు రైతులకి అది పాత శత్రువు. 1980లో పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన పట్టుగూళ్ళతోపాటు కర్ణాటకలో దిగింది. గూళ్ళకి లెక్క రాసుకున్నారు, లోపలున్న ఊజీని ఎవరూ లెక్క రాయలేదు. దానికి రాష్ట్ర సరిహద్దు ఎక్కడుందో తెలీదు కదా, మనవైపుకీ తమిళనాడుకీ కూడా వచ్చేసింది. ఈ రోజు పట్టుపురుగుల షెడ్లకి కిటికీలన్నిటికీ వల కట్టి, తలుపు దగ్గర ఇంకో గదిలాగా కట్టుకునేది దీనికోసమే.

మా చిన్నాయన చాలా ఏళ్ళుగా పట్టుపురుగులు పెంచుతున్నాడు. ఆయన మాట ఇది: “ఈగ లోపలికొచ్చినాక తరుముకుంటా కూసుంటే ఏమొస్తాది నాయనా? వాకిలికాడే ఆపాల.”

ఈ కథలో ఇంకో పాత్ర ఉంది. ఊజీని అదుపు చెయ్యడానికి మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన, శిక్షణ సంస్థ వాళ్ళు ఒక బుల్లి కందిరీగ జాతిని రైతులకి అందించారు. పేరు నెసోలింక్స్ థైమస్. అది ఊజీ ప్యూపాలో గుడ్లు పెడుతుంది, దాని పిల్లలు ఊజీని లోపల్నుంచే తినేస్తాయి. ఇప్పుడు ఆలోచించండి. సంగతి తెలియనివాడు ఎవడైనా షెడ్లోకి వెళ్ళి, గోడమీద ఈ కందిరీగల్ని చూసి “ఇదేదో కొత్త పురుగు” అని స్ప్రే కొట్టాడనుకోండి. దొంగని వదిలేసి కాపలావాణ్ణి కొట్టినట్టే కదా. రెండూ రెక్కలున్న చిన్న పురుగులే. తేడా తెలిసేది పేరు తెలిసినప్పుడే.

అక్వేరియం సంగతీ అంతే. ఎక్కి వచ్చినవాటిలో ఎక్కువ భాగం ఏ హానీ చెయ్యనివి, చాలావాటి వల్ల మేలు కూడా. కొన్ని మాత్రం నిజంగా ప్రమాదం. ఎర్రర్ మెసేజ్ చదవకుండా కోడ్ అంతా డిలీట్ చేసేవాణ్ణి ఆఫీసులో ఏమంటామో, చూడగానే మందు పోసేవాణ్ణీ అదే అనాలి.

వీడియో తియ్యండి, నాలుగు ప్రశ్నలు అడగండి

పేరు కనుక్కోవడానికి మైక్రోస్కోప్ అక్కర్లేదు. మీ చేతిలో ఉన్న ఫోన్ చాలు. కాకపోతే ఫోటో వద్దు, వీడియో తియ్యండి.

ట్యాంకులో కనపడేవాటిలో సగం తెల్లటి దారాలు, మిగతా సగం తెల్లటి చుక్కలు. ఫోటోలో అన్నీ ఒకే మాదిరి ఉంటాయి. కదిలినప్పుడు దొరికిపోతాయి. పది పదిహేను సెకన్ల వీడియో చాలు. ఫోన్‌ని అద్దానికి ఆనించి పట్టుకుంటే చెయ్యి వణకదు. బయట అద్దానికి ఒక బియ్యపు గింజ అతికించి ఫ్రేములో కనపడేట్టు పెట్టండి, సైజు తెలుస్తుంది. గింజలో సగం ఉందా, గింజంత ఉందా, నాలుగు గింజలంత ఉందా అన్నదాన్ని బట్టే చాలా పేర్లు కొట్టేయొచ్చు.

రాత్రి చూడండి. లైట్ ఆర్పిన గంటా రెండు గంటల తర్వాత వచ్చే జనం వేరు. ఫోన్ టార్చికి ఎర్రటి పాలిథిన్ కాగితం చుట్టండి. ఎర్ర వెలుతురుకి చాలా జీవులు బెదరవు.

తర్వాత నాలుగు ప్రశ్నలు. ఒకటి, ఎలా కదులుతోంది? జారుతోందా, మెలికలు తిరుగుతోందా, గెంతుతోందా, అతుక్కుని ఉందా? రెండు, తల ఎలా ఉంది? కళ్ళున్నాయా, కాళ్ళున్నాయా, తోకలున్నాయా? మూడు, ఎక్కడుంటోంది? అద్దం మీదా, ఇసకలోనా, ఆకు కిందా? నాలుగు, అది వచ్చాక ఏం మారింది? ఏదైనా తగ్గిందా, ఎవరైనా కనపడకుండా పోయారా?

ఫోటో పెడితే పేరు చెప్పే యాప్‌లున్నాయి. వాడుకోండి, తప్పులేదు. కానీ యాప్ చెప్పిన పేరుకి ఈ నాలుగు జవాబులూ సరిపోతున్నాయో లేదో చూసుకుని నమ్మండి.

డాలస్ ట్యాంకులో దొరికినవాళ్ళు

ముందు ఉప్పునీళ్ళు. మావాడు పంపిన వీడియోల్లో ఎక్కువసార్లు కనపడింది ఐప్టాసియా. ఈతచెట్టు బొమ్మలాగా సన్నటి కాడ, పైన గుత్తిగా వేళ్ళు, లేత గోధుమ రంగు. ముట్టుకుంటే చటుక్కున బెజ్జంలోకి ముడుచుకుంటుంది. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది కానీ పక్కనున్న కోరల్‌ని కుట్టి చంపుతుంది. దీన్ని బ్రష్‌తో గీకేస్తే పోతుందనుకుంటారు. పాదం నుంచి ఊడిన చిన్న ముక్క కూడా మళ్ళీ పూర్తి ఐప్టాసియా అవుతుంది. ఒకటి గీకితే పది మొలుస్తాయి. పేరు తెలిసినవాడు బ్రష్ జోలికి పోడు. దాన్ని తినే పెప్పర్‌మింట్ రొయ్యనో, బెర్ఘియా అనే సముద్రపు స్లగ్‌నో తెచ్చుకుంటాడు.

రెండోది బ్రిసిల్ వర్మ్. దాన్ని చూసిన రాత్రి మావాడికి నిద్ర లేదు. అచ్చం జెర్రిలాగా, పక్కలంతా తెల్లటి నూగు. కానీ ఇది పాకీపని చేసే జీవి. మిగిలిపోయిన మేత, చచ్చిన చేప, కుళ్ళిన ముక్క అన్నీ తిని రాళ్ళ మధ్య శుభ్రం చేస్తుంది. చేత్తో పట్టుకోకుండా ఉంటే చాలు, ఆ నూగు చర్మంలో గుచ్చుకుని మండుతుంది. ఇదే కుటుంబంలో ఫైర్‌వర్మ్ అని ఒకటుంది, అది కోరల్‌ని తింటుంది. చుట్టాలే, గుణాలు వేరు. అందుకే “పురుగు” అని ఊరుకుంటే సరిపోదు, ఏ పురుగో కావాలి.

మూడోది కనపడదు, వినపడుతుంది. రాత్రిపూట ట్యాంకులోంచి గోళీ తగిలినట్టు టిక్, టిక్ అని చప్పుడు. పొద్దునకి నత్తల గుల్లలు పగిలి ఉంటాయి. అది మాంటిస్ ష్రింప్ కావచ్చు. ముందుకాళ్ళతో అది కొట్టే దెబ్బ జంతువులు కొట్టే అతి వేగమైన దెబ్బల్లో ఒకటి. పిస్టల్ ష్రింప్ అనే ఇంకో రొయ్య కూడా ఇలాగే చప్పుడు చేస్తుంది, దానివల్ల అంత భయం లేదు. చప్పుడొక్కటే విని తీర్పు చెప్పకూడదు, నాలుగో ప్రశ్న కూడా అడగాలి: ఎవరైనా తగ్గారా?

నాలుగోదాని కథ నాకు భలే ఇష్టం. అక్రోపోరా అనే కోరల్‌ని తినే చప్పిడి పురుగు ఒకటుంది. కోరల్ రంగులోనే కలిసిపోతుంది. కోరల్ మీద చిన్న చిన్న కొరికిన మచ్చలు, అడుగున గోధుమ రంగు గుడ్లు, ఇవే ఆనవాళ్ళు. అక్వేరియం వాళ్ళకి దీని బాధ ముందు నుంచీ తెలుసు కానీ శాస్త్రవేత్తలు దానికి అమకుసాప్లానా అక్రోపోరే అని పేరు పెట్టింది 2011లో. ఆ తర్వాతే అది సముద్రంలో ఎక్కడుంటుందో తెలిసింది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో లిజార్డ్ దీవి దగ్గర దొరికిందని 2012లో ప్రకటించారు. అంటే ముందు ఇళ్ళలోని ట్యాంకుల్లో కనపడింది, తర్వాత సముద్రంలో. మీరు అద్దం ముందు కూర్చుని చూసే చూపుకి విలువ లేదని ఎవరైనా అంటే ఈ కథ చెప్పండి.

కలకడ ట్యాంకులో దిగినవాళ్ళు

ఇప్పుడు మన మంచినీళ్ళు. మొక్కలతో ముందు దిగేది నత్త. కంగారు పడకండి, ముందు గుల్ల చూడండి. కొన పైకి, నోరు మీవైపు ఉండేట్టు పట్టుకోండి. నోరు ఎడమవైపు ఉంటే బ్లాడర్ నత్త. కుడివైపు ఉంటే చెరువు నత్తల కుటుంబం. గుల్ల పొట్టేలు కొమ్ములాగా చుట్ట చుట్టుకుని చప్పిడిగా ఉంటే రామ్స్‌హార్న్. సన్నటి శంఖంలాగా పొడుగ్గా ఉండి పగలంతా ఇసకలో దాక్కుంటే ట్రంపెట్ నత్త. ఇవన్నీ తినేది రాలిన ఆకు, పాచి, మిగిలిన మేత. నత్తలు వందలైపోయాయంటే తప్పు నత్తలది కాదు, మీరు వేసే మేత ఎక్కువైందని అర్థం. మేత తగ్గించండి, వాటి సంఖ్యా తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త. చెరువులోంచి మొక్కలు పీక్కొచ్చేవాళ్ళున్నారు. మన చెరువుల్లో ఉండే రామ్స్‌హార్న్ రకం, ఇండోప్లానార్బిస్, పశువులకి గురక జబ్బు తెచ్చే పురుగుని మోస్తుంది. పశువులు దిగే నీళ్ళలోంచి తెచ్చిన నత్తని ట్యాంకులో వెయ్యకండి, ఆ బకెట్లో చేతులు పెట్టకండి.

తర్వాత తెల్ల దారాలు. నీళ్ళు మార్చినప్పుడు ఇసకలోంచి లేచి మెలికలు తిరుగుతూ తేలే వెంట్రుకల్లాంటివి డిట్రైటస్ వర్మ్స్. మన పొలంలో వానపాములు చేసే పనే ఇక్కడ ఇవి చేస్తాయి. వదిలేయండి. అద్దం మీద మెలికలు తిరక్కుండా నూనె రాసినట్టు జారుతూ పోతుంటే, తల బాణం మొనలాగా ఉంటే, రెండు మెల్లకళ్ళు కనపడితే, అది ప్లనేరియా. చేపలకి దానివల్ల పెద్ద బాధ లేదు. రొయ్యలు పెంచేవాళ్ళు మాత్రం ఊరుకోకూడదు, పిల్ల రొయ్యల్ని తింటుంది. చిన్న సీసాలో మాంసం ముక్క పెట్టి రాత్రి ట్యాంకులో వదిలితే పొద్దునకి అందులో చేరతాయి, తీసి పారేయొచ్చు. పశువులకిచ్చే ఏలికపాముల మందు ఫెన్‌బెండజోల్ వాడేవాళ్ళున్నారు. అది కొన్ని రకాల నత్తల్ని కూడా చంపుతుంది, తెలిసే వాడాలి.

రెండు చివర్లా అతుక్కుంటూ, ఒళ్ళు విల్లులాగా వంచుతూ నడిస్తే అది జలగ. ఎక్కువ రకాలు నత్తల మీదో చచ్చినవాటి మీదో బతుకుతాయి. అయినా తీసేయడమే మంచిది.

ఇక హైడ్రా. ఈ పేరు వినగానే హైదరాబాద్‌లో జేసీబీలు గుర్తొస్తాయేమో, ఇది స్కూల్లో బొమ్మ గీసిన అసలు హైడ్రా. అద్దానికి అతుక్కుని సెంటీమీటరు లోపు కాడ, చివర దారాల్లాంటి చేతులు. ముట్టుకుంటే చుక్కంత అయిపోతుంది. ఎక్కడో చూసినట్టుందా? డాలస్‌లో ఐప్టాసియా కూడా ఇలాగే ఉంది కదా. కోరల్, ఐప్టాసియా, హైడ్రా మూడూ ఒకే పెద్ద కుటుంబం, కుట్టే కణాలున్న నిడేరియా. 1740ల్లో అబ్రహం ట్రెంబ్లే అనే ఆయన హైడ్రాని ముక్కలు చేసి చూశాడు. ఒక్కో ముక్కా పూర్తి హైడ్రా అయింది. అప్పట్లో యూరప్ అంతా ఆశ్చర్యపోయింది. ఆ సంగతి తెలిస్తే మీరు బ్లేడు పెట్టి అద్దం గీకరు. పెద్ద చేపలకి హైడ్రా లెక్కలోకి రాదు. గప్పీ అప్పుడే పెట్టిన పిల్లలుంటే మాత్రం జాగ్రత్త.

అన్నిటికన్నా మోసం చేసేది తూనీగ పిల్ల. మనం దారం కట్టి ఆడుకున్న తూనీగే. రెక్కలు రాకముందు నెలల తరబడి నీళ్ళలోనే ఉంటుంది. తోక చివర మూడు ఆకుల్లాంటివి ఉండి సన్నగా ఉంటే సన్నరకం తూనీగది. లావుగా, సాలీడులాగా ఉంటే పెద్ద తూనీగది. కింది పెదవి మడిచిపెట్టుకుని ఉంటుంది, రొయ్యో చేపపిల్లో దగ్గరికొస్తే దాన్ని చాపి లటుక్కున పట్టేస్తుంది. “రోజుకొక రొయ్య తగ్గిపోతోంది, చచ్చినవి కూడా కనపడట్లేదు” అంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను. దీనికి మందు అక్కర్లేదు. రాత్రి టార్చి వేసి, పట్టుకుని బయట పెట్టడమే. మన చెరువు తూనీగే అయితే తిరిగి చెరువుకి పోవచ్చు, దోమల్ని తింటుంది. కొరియర్లో దూరం నుంచి వచ్చిందైతే వద్దు. ఎందుకో చివర్లో చెప్తాను.

ఒంటికన్ను జీవి, మన పెద్దవాళ్ళ కాళ్ళు

నీళ్ళలో టక్ టక్ మని గెంతే తెల్లటి చుక్క కనపడితే అది సైక్లాప్స్. నుదుటి మీద ఒకటే కన్ను, ఆడదైతే వెనక రెండు గుడ్ల సంచులు. పక్కనే చిక్కుడు గింజ ఆకారంలో గుండ్రంగా తిరిగేవి ఆస్ట్రకాడ్లు. రెండూ మంచివే, చేపపిల్లలకి ఫ్రీ భోజనం. డబ్బులిచ్చి కొనేవాళ్ళు కూడా ఉన్నారు.

కానీ ఈ సైక్లాప్స్‌ని గుర్తుపట్టడం ఒకప్పుడు మనవాళ్ళకి హాబీ కాదు. నారి కురుపు పేరు మీ ఇంట్లో పెద్దవాళ్ళనడగండి. కాలిమీద పుండు లేచి, అందులోంచి మూరకి పైగా పొడవున్న తెల్లటి పురుగు బయటికొచ్చేది. తెగితే ప్రమాదం కాబట్టి పుల్లకి చుట్టుకుంటూ రోజుకి కొంచెం లాగేవాళ్ళు. రాయలసీమ దిగుడుబావుల చుట్టూ ఈ బాధ ఉండేది. ఆ పురుగు పిల్లలు ఎక్కి వచ్చే బండి ఏదో తెలుసా? ఈ సైక్లాప్సే. పుండున్న మనిషి బావిలోకి దిగితే పురుగు పిల్లలు నీళ్ళలో పడేవి, సైక్లాప్స్ వాటిని మింగేది, ఆ నీళ్ళు మనిషి తాగేవాడు, ఏడాదికి ఇంకో కాలు.

దీనికి టీకా లేదు, ఈ రోజుకీ మందు లేదు. అయినా దేశం నుంచి పోయింది. ఎలా? ఎక్కి వచ్చే బండిని గుర్తుపట్టారు కాబట్టి. సైక్లాప్స్ గుడ్డలో ఆగిపోయేంత పెద్దది. నీళ్ళు గుడ్డతో వడకట్టండి, దిగుడుబావులకి మెట్లు మూసి చేదబావులు చెయ్యండి, చేతిపంపులు వెయ్యండి, పుండున్నవాళ్ళని నీళ్ళలోకి దిగనియ్యకండి. ఇంతే. మన దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశాన్ని నారి కురుపు లేని దేశంగా ప్రకటించింది. నా ట్యాంకులో గెంతే సైక్లాప్స్‌ దగ్గర ఇప్పుడు ఆ పురుగు లేదు, భయపడక్కర్లేదు. కానీ అద్దం మీద దాన్ని చూసినప్పుడల్లా ఒకటి అనిపిస్తుంది. మిల్లీమీటరు జీవికి సరైన పేరు పెట్టుకోవడం వల్ల ఎన్ని కాళ్ళు బాగుపడ్డాయో.

నేరుగా ప్రొడక్షన్‌లో పెట్టకండి

కొత్త కోడ్‌ని నేరుగా లైవ్‌లో పెట్టం. ముందు స్టేజింగ్‌లో పెట్టి చూస్తాం. మొక్కకీ అదే పద్ధతి. చిన్నాయన మాట ప్రకారం వాకిలికాడే ఆపాలి.

మొక్క రాగానే కుండీలోంచి తీసి, వేళ్ళ దగ్గరున్న దూదిలాంటిదంతా పీకేయండి. కుళాయి కింద కడిగి, ఆకుల అడుగు చూడండి. జిగురుముద్దలో చుక్కలు కనపడితే నత్తగుడ్లు, వేలితో తుడిచేయండి. తర్వాత పటిక నీళ్ళు. నాలుగు లీటర్లకి ఒక టేబుల్ స్పూన్ పటిక పొడి కలిపి, మొక్కని రెండు మూడు గంటలు ఉంచి, మంచినీళ్ళతో బాగా కడగాలి. లేత మొక్కలైతే ముందు ఒక కొమ్మతో పరీక్ష చేసుకోండి. రాగి ఉన్న మందులు వద్దు, మీ రొయ్యల్ని ముందు చంపేవి అవే.

ఏ మందుకైనా గుడ్లు తొందరగా చావవు. అందుకని మొక్కని మూడు నాలుగు వారాలు వేరే టబ్బులో, వెలుతురు తగిలే చోట ఉంచండి. ఈలోగా పొదగాల్సినవి పొదుగుతాయి, మీకు కనపడతాయి. ఆ టబ్బు మీద దోమతెర కట్టడం మర్చిపోవద్దు. చేపలు లేని నీళ్ళు వారం పది రోజులుంటే చాలు, డెంగీ దోమ అందులోనే పెద్దదై ఎగిరిపోతుంది. ఇంట్లోవాళ్ళు మీ హాబీని ఆ రోజే బయట పారేస్తారు.

ఇంత ఓపిక లేదా? టిష్యూ కల్చర్ మొక్కలు కొనండి. ల్యాబులో మూతపెట్టిన డబ్బాలో పెరిగినవి, నత్తా ఉండదు, గుడ్డూ ఉండదు. రేటు కొంచెం ఎక్కువ.

బయటికి పోయే దారి

ఇప్పటిదాకా లోపలికి వచ్చేవాటి గురించి మాట్లాడాం. ఇంకో దారి కూడా ఉంది, మీ ట్యాంకు నుంచి బయటికి. దానివల్ల నష్టపోయేది మీరు కాదు, ఊరు.

2021 మార్చిలో అమెరికాలో ఒక గోల జరిగింది. అక్వేరియం షాపుల్లో అమ్మే మాస్ బాల్స్, ఆ పచ్చటి నాచు ఉండల్లో, జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్పలు దొరికాయి. సియాటిల్‌లో ఒక షాపు ఉద్యోగి చూసి అధికారులకి చెప్పకపోతే తెలిసేదే కాదు. వెతికితే చాలా రాష్ట్రాల షాపుల్లో అవే. ఈ ఆల్చిప్ప సరస్సులో పడితే నీళ్ళ పైపులన్నీ పూడ్చేస్తుంది. అందుకే ప్రభుత్వం అందరికీ చెప్పింది: ఆ ఉండల్ని కాలవలో పడేయకండి, ఫ్రీజర్లో ఒక రోజు పెట్టండి లేదా ఉడకబెట్టండి, తర్వాతే చెత్తబుట్టలో వెయ్యండి.

మనకీ అనుభవం ఉంది. గుర్రపు డెక్క దక్షిణ అమెరికాది. పువ్వు బాగుందని 19వ శతాబ్దం చివర్లో బెంగాల్‌కి వచ్చింది. ఈ రోజు అది పట్టని చెరువు ఉంటే చెప్పండి. అద్దం మీద పాచి తింటుందని చిన్నప్పుడు కొనే సక్కర్ చేప, అడుగు దాటి పెరిగాక ట్యాంకులో పట్టక ఎవరో “పాపం, బతకనీ” అని నీళ్ళలో వదిలారు. ఇప్పుడు తెలుగు రాష్ట్రాల నీళ్ళలో జాలర్ల వలలు చింపుతున్న దెయ్యం చేప అదే. జాలిపడి వదిలినవాడు తిరిగి చూసుకోడు, వల చిరిగినవాడు జీవితాంతం చూస్తాడు.

మన వైపు వాన తక్కువ, ఉన్నవి చెరువులే. చెరువు నిండితే పశువుకి నీళ్ళు, పొలానికి తడి, బోరుకి ఊట. అందులో కొత్త జీవి పడితే రెస్టోర్ బటన్ ఉండదు. కాబట్టి ట్యాంకు నీళ్ళు కాలవలోకి కాదు, పూలకుండీకి పొయ్యండి. కత్తిరించిన మొక్కల్ని ఎండలో పూర్తిగా ఎండబెట్టి పారేయండి. వద్దనుకున్న చేపని షాపువాడికో ఇంకో హాబీవాడికో ఇవ్వండి. దూరం నుంచి వచ్చిన నత్తనీ తూనీగ పిల్లనీ ఎంత ముద్దొచ్చినా బయట వదలొద్దు.

ఈ వారం మీ ట్యాంకులో ఏదైనా కొత్తది కనపడితే ముందు వీడియో తియ్యండి. పేరు కనుక్కోండి. చంపాలో సాకాలో తర్వాత మీరే తేల్చుకోండి. ఏది తేల్చుకున్నా, ఆ బకెట్‌కి చెరువు దారి మాత్రం చూపించకండి.